హారికకు చెప్పని జబ్బు

మూడో గేమ్ మధ్యల నాకు రెండు షటిల్‌లు కనబడ్డయి. ఒకటి నిజంది, ఇంకొకటి దానికి జానెడు పైన. నేను పైదాన్ని కొట్టిన. రాకెట్‌కు గాలి తప్ప ఏం తగలలే. షటిల్ వచ్చి నా కాళ్ల కాడ పడ్డది.

"ఏమైందక్కా?" అని హారిక అడిగింది. ఆమె నా డబుల్స్ పార్ట్‌నర్. ఆదిలాబాద్ పిల్ల, నాకన్న రెండేండ్లు చిన్నది.

"లైట్లు కండ్లల్ల కొడుతున్నయి" అన్న.

ఆ మ్యాచ్ ఓడిపోయినం. టవల్ మొఖం మీద వేసుకొని పది నిమిషాలు కూసున్న. కండ్లు తెరిచేసరికి అంతా మంచిగనే ఉన్నది. అందుకే ఎవ్వరికీ చెప్పలే.

నా పేరు సంధ్య, మాది చొప్పదండి. బాపు ఎవుసం చేస్తడు. నా చిన్నప్పుడు రోజూ పొద్దున్నే బండి మీద కరీంనగర్ తీసుకపోయి, నా ప్రాక్టీస్ అయిపోయేదాక స్టేడియం బయట కూసుండెటోడు. సింగిల్స్‌ల నేను పెద్దగ ఏం కాలే. హారికతోని జత కట్టినంకనే నా ఆట ఒక ఆటైంది. నెట్ కాడ నేను, ఎనుక ఆమె. ఆరేండ్లు దేశమంత తిరిగి ఆడినం. ఏ షటిల్ ఎవరిదో నోటితోని చెప్పుకునే అవసరమే లేకుండె.

తర్వాత ప్రతి మ్యాచ్‌ల గిట్లనే అయింది. మొదటి గేమ్ బాగుండేది, ఆడిన కొద్ది షటిల్ రెండయ్యేది. తల జర పక్కకు వంచితే రెండూ కలిసి ఒకటైతుండె. కోచ్ సార్ అది చూసిండు. "దెబ్బ తాకుతదని భయపడుతున్నవా? నెట్ కాడ మొఖం తిప్పుకుంటున్నవేంది?" అన్నడు. కండ్ల డాక్టరేమో "చూపు మంచిగనే ఉన్నది, రెస్ట్ తీసుకో" అని పంపిండు.

ఇంట్ల అవ్వ ఇంకోటి కనిపెట్టింది. రొట్టె తినంగ తినంగ నాకు దవడలు అలసిపోయేటియి. "గదువ చేత్తోని పట్టుకొని నములుతున్నవేందే?" అని అవ్వ అడిగేదాక నేను అట్ల చేస్తున్నట్టు నాకే తెల్వదు. ఆ వారంలనే నీళ్లు తాగితే ముక్కులకెళ్లి వచ్చినయి. బాపు నన్ను కరీంనగర్‌ల న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకపోయిండు.

ఆయన నన్ను సీలింగ్ దిక్కు చూడమన్నడు. "నేను చెప్పేదాక రెప్ప ఆర్పకమ్మా." నిమిషం కాకముందే నా ఎడమ రెప్ప దానంతటదే వాలింది. గ్లవ్‌ల ఐస్ ముక్కలు వేసి ఆ కన్ను మీద పెట్టిండు. తీసినంక రెప్ప లేచింది. చేతి నరాలకు కరెంట్ పెట్టి చేసే ఆర్ఎన్ఎస్ టెస్ట్, యాంటీబాడీ టెస్ట్, ఛాతీకి సీటీ స్కాన్ చేయించిండు. అన్ని రిపోర్ట్‌లు వచ్చినంక కూసోబెట్టి చెప్పిండు.

"దీన్ని మయస్థీనియా గ్రేవిస్ అంటరు. నరం చెప్పిన మాట కండకు చేరకుండ నీ ఒంట్ల యాంటీబాడీలే అడ్డం పడుతున్నయి. ఛాతీల ఉండే థైమస్ గ్రంథి కూడ పెరిగి ఉన్నది, తర్వాత ఆపరేషన్ పడ్తది."

"ఇంకెన్ని రోజులు ఆడచ్చు సార్?"

"ముందు మింగుడు, ఊపిరి తీసుకునుడు గురించి మాట్లాడుకుందాం. ఆట సంగతి తర్వాత."

ఇంకో మాట కూడ గట్టిగ చెప్పిండు. ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ముందు ఈ జబ్బు పేరు చెప్పాలె, కొన్ని యాంటీబయాటిక్స్ నాకు ప్రాణం మీదికి తెస్తయి అని.

రెండు నెలల్ల సెలెక్షన్ ట్రయల్స్ ఉండె. జబ్బు సంగతి బయటపడితే హారికకు వేరే పార్ట్‌నర్‌ను చూస్తరని నా భయం. డాక్టర్ సార్ స్టెరాయిడ్ రాసిండు. ఆటగాళ్లు అది వాడాలంటే డోపింగ్ రూల్స్ లెక్కన ముందుగాల పర్మిషన్ అడగాలె, అడిగితే అందరికీ తెలుస్తదనుకున్న. అందుకని నేను దాన్ని వేసుకోనే లేదు. కొద్దిసేపు కండలకు బలమిచ్చే పిరిడోస్టిగ్మిన్ గోలీ ఒక్కటే మ్యాచ్‌కు గంట ముందు వేసుకునేదాన్ని. ఏం గోలీలని హారిక అడిగితే విటమిన్లన్న.

ట్రయల్స్‌ల రెండో మ్యాచ్‌కు నా చేతులు భుజం మీదికి లేవలే. నెట్ మీద షటిల్ వస్తున్నది, నేను నిలబడి చూస్తున్న. అది నాదే. హారిక ఎనుకనుంచి ఉరికొచ్చి అందుకోబోయింది. ఆమె చీలమండ మడత పడ్డది. పడ్డ కాడ్నే కూసొని కాలు పట్టుకున్నది. లిగమెంట్ తెగిందని తర్వాత చెప్పిండ్రు.

ఇంటికొచ్చినంక నాకు జ్వరం, దగ్గు పట్టుకున్నది. దగ్గర్ల ఉన్న క్లినిక్‌కు పోయినం. "వేరే జబ్బులేమన్న ఉన్నయా?" అని ఆ డాక్టర్ అడిగిండు. లేవన్న. ఊర్లె తెలిస్తే ఎట్లనో కోచ్ సార్ దాక పోతదని. బాపు పక్కనే ఉన్నడు. నా మొఖం చూసి ఊకున్నడు. సెలైన్‌ల యాంటీబయాటిక్ ఎక్కించిండ్రు.

మధ్యాహ్నంకల్ల నా మెడ నిలబడలే. ఉమ్మి మింగరాలే. మాట ముక్కులకెళ్లి వచ్చుడు మొదలైంది. కరీంనగర్ పోయేదాక బాపు నా తల ఒడిల పెట్టుకొని కూసున్నడు. పోంగనే, ఊపిరి అందుతలేదని గొంతుల ట్యూబ్ వేసి వెంటిలేటర్ మీద పెట్టిండ్రు.

తెలివి మొత్తం ఉన్నది. చెయ్యి లేవది, రెప్ప లేవది, కానీ అన్నీ వినబడుతున్నయి. "మయస్థీనిక్ క్రైసిస్. రక్తంలకెళ్లి ఆ యాంటీబాడీలను తీసేసే ప్లాస్మా ఎక్స్ఛేంజ్ మొదలుపెడ్తం, ఇప్పుడే ఏం చెప్పలేం" అన్నడు డాక్టర్. బాపు గొంతు వినబడ్డది. "నేనన్న చెప్పవలసుండె సార్. నేను పక్కనే ఉంటిని." సార్ ఏమన్నడో వినబడలే.

నాలుగో రోజు హారిక వచ్చింది. చేతికర్ర చప్పుడుతోని గుర్తుపట్టిన. మంచం పక్కకు కుర్చీ గుంజుకున్నది.

"నువ్వు భయపడుతున్నవనుకున్న అక్కా" అన్నది. "కోచ్ సార్ అడిగితే గదే చెప్పిన. నాకొక్కదానికన్న చెప్పొద్దా? నీ షటిల్‌లు నేను తీసుకుంటుంటి కదా."

నా కండ్లకెళ్లి నీళ్లు కారినయి. నర్సు మందు చుక్కలనుకొని తుడిచింది.

రెండు వారాలకు ట్యూబ్ తీసిండ్రు. తర్వాత స్టెరాయిడ్‌లు వాడిన, మొఖం ఉబ్బి నన్ను నేనే గుర్తుపట్టకుండైన. ఆర్నెల్లకు థైమెక్టమీ చేసి ఆ గ్రంథి తీసేసిండ్రు. ఆపరేషన్ అయితే మునుపటి లెక్క ఆడతనని ఆశపడ్డ. ఏడాదికి స్టేడియంకు పోయిన. హారిక నెమ్మదిగ షటిల్‌లు వేసింది. పది నిమిషాలు మంచిగనే ఆడిన. తర్వాత రాకెట్ పట్టిన చెయ్యి కిందికి జారింది, మళ్ల లేవలే.

"ఆపుదామా అక్కా?"

"ఆపుదాం. నువ్వు వేరే పార్ట్‌నర్‌ను చూసుకో."

ఆమె షటిల్‌లు ఏరుకుంట ఏరుకుంట, మొఖం చూపెట్టకుండ, "ఎవరితోని ఆడాల్నో నువ్వే చెప్పు" అన్నది. మా స్టేడియంలనే ప్రాక్టీస్ చేసే ఒక హుజూరాబాద్ పిల్ల పేరు చెప్పిన. ఇప్పుడు వాళ్లిద్దరు ఆడుతున్నరు. హారిక చీలమండ మునుపటి లెక్క లేదు. మేం పోయినంత దూరం వాళ్లు ఇంకా పోలేదు, పోతరో లేదో తెల్వదు. ఆ నష్టం నేను చేసిందే.

నాకు కరీంనగర్‌ల ఒక ఆఫీసుల ఉద్యోగం ఉన్నది. గోలీల కోసం ఫోన్‌ల నాలుగు అలారాలు మోగుతయి. బట్టలు పిండుడు, వంట పొద్దున్నే చేసుకుంట. అన్నం తిన్నంక పండుకోకపోతే సాయంత్రానికి మాట ముద్దైతది. జబ్బు పోలేదు, అదుపుల ఉన్నది.

ఈ జబ్బున్నోళ్లకు నేను చెప్పేది ఒక్కటే. జబ్బు పేరు, మీరు వాడే మందులు, మీకు పడని మందులు, మీ డాక్టర్ నంబర్ ఒక కాగితం మీద మీ డాక్టర్‌తోనే రాయించుకోండి. మొన్న పన్ను నొప్పికి పోయినప్పుడు కుర్చీల కూసోకముందే నేను ఆ కాగితం టేబుల్ మీద పెట్టిన. ఆ డాక్టరమ్మ చదివి, మా న్యూరాలజిస్ట్ సార్‌కు ఫోన్ చేసి, రాసిన గోలీల్ల ఒకటి కొట్టేసింది. సిగ్గనిపిస్తే నోటితోని చెప్పకండి. కాగితం ముందట పెట్టండి.