బాల్కనీ అత్తయ్య తీర్పు

శుక్రవారం వచ్చిందంటే బాల్కనీ అత్తయ్యకు కాలు ఒకచోట నిలవదు. కొత్త సినిమా పడే రోజు మరి! సినిమా హాలు బాల్కనీలో టార్చి వేసి జనానికి సీట్లు చూపించడం ఆమె ఉద్యోగం. ఉద్యోగం చిన్నదే కానీ వీధిలో ఆమెకున్న పలుకుబడి అంతా ఇంతా కాదు. మ్యాట్నీ వదిలాక ఆమె ఇంటిదారి పట్టేసరికి తల్లులందరూ గుమ్మాల్లో కాచుకుని ఉంటారు.

"పిల్లల్ని పంపొచ్చా అత్తయ్యా?"

ఆమె ఊఁ అంటే పిల్లలు ఎగిరి గంతేస్తారు. ఊహూఁ అంటే ఆ పూట అలిగి అన్నం తినరు.

ఇంతకీ ఆ తీర్పు చెప్పడానికి ఆమె సినిమా చూడదు. నమ్మండి, నమ్మకపోండి, అదే నిజం. తెరకు వీపు పెట్టి, గోడకు ఆనుకుని, తెర మీది మాటలు చెవికెక్కించుకోకుండా జనం ముఖాలే చూస్తుంది. పెద్దవాళ్లు ఉన్నట్టుండి తమ చెప్పుల వైపు చూశారా, అది పిల్లల సినిమా కాదు. అందరూ కలిసి నవ్వి, కలిసి కళ్లు తుడుచుకున్నారా, ఇక ఢోకా లేదు. ఈ లెక్క ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదని ఆమెకు కాస్త గర్వం కూడా.

ఈ శుక్రవారం పడింది ప్రేమ సినిమా. అత్తయ్య కూతురు పదో తరగతి. ఆ పిల్లా, దాని స్నేహితురాళ్లూ వారం రోజులుగా ఆ సినిమా పాటలే పాడుతున్నారు. పొద్దున జడ వేయించుకుంటూ కూతురు బెదిరించింది కూడా.

"అమ్మా, నువ్వు గానీ కాదన్నావంటే క్లాసులో నాతో ఒక్కరూ మాట్లాడరు. నీ దయ!"

"చూద్దాంలేవే, ముందు తల తిప్పకు," అంది తల్లి. లోపల మాత్రం ఆమెకూ ఆత్రంగానే ఉంది.

ఆట మొదలైంది. అబ్బో, ఏం ఈలలు, ఏం చప్పట్లు! ముద్దు సీను వచ్చినట్టుంది, ఒక పెద్దాయన దగ్గాడు, అంతే. ఆ తర్వాత హాలంతా పడీ పడీ నవ్వింది. చివర్లో ముక్కు చీదని మనిషి లేడు. అత్తయ్య గాల్లో తేలుతున్నట్టు ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడి గొంతెత్తి చెప్పింది.

"పంపండమ్మా, పంపండి! నవ్వులే నవ్వులు! నా కూతుర్నే పంపుతున్నాను, ఇంకేం కావాలి?"

మర్నాడు మ్యాట్నీకి ఆడపిల్లలంతా జట్టుగా దిగారు. అత్తయ్య వాళ్లను మంచి వరుసలో కూర్చోబెట్టి, మామూలుగానే తెరకు వీపు పెట్టి నిలబడింది. నిన్న నవ్విన చోటే ఈరోజూ హాలు గొల్లుమంది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. వాళ్ల మధ్యలో ఆమె కూతురు ఒక్కతే బిగుసుకుపోయి కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకుని ఉంది.

ఆట నడుస్తుండగా తెర వైపు తిరగని అత్తయ్య గిరుక్కున తిరిగింది. తెర మీద హీరో ఒకమ్మాయి సైకిలు హ్యాండిలు పట్టుకుని వదలడం లేదు. "వదులు, నాకిష్టం లేదు," అంటోంది అమ్మాయి. "ఇష్టం వచ్చేదాకా వదలను," అంటున్నాడు వాడు. హాలంతా చప్పట్లు. ఓసి నా తెలివీ, నిన్న నేను చూసి మురిసిన నవ్వులు వీటికా అనుకుంది అత్తయ్య. ఒళ్లు మండిపోయింది, వాడి మీద కంటే తన మీదే ఎక్కువ.

ఆట వదిలాక కూతుర్ని పక్కకు లాగింది.

"అందరూ నవ్వుతుంటే నువ్వెందుకు నవ్వలేదే?"

"నాకు నవ్వు రాలేదు."

"అదే, ఎందుకు రాలేదూ అని."

"ట్యూషన్ సందులో ఒకడు రోజూ నా సైకిలు కూడా అలాగే పట్టుకుంటాడమ్మా. వదలమంటే నవ్వుతాడు. వాడి స్నేహితులూ నవ్వుతారు."

"మరి నాతో చెప్పొద్దుటే?"

"చెబితే ట్యూషన్ మానిపిస్తావుగా."

సరిగ్గా ఆ మాటే అత్తయ్య నాలుక చివరిదాకా వచ్చి ఉంది. దాన్ని మింగేసి కూతురి చెయ్యి పట్టుకుంది.

"నువ్వెందుకు మానాలే? పద, వాడెక్కడ నిలబడతాడో చూపించు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే!"

ఇద్దరూ వీధిలోకి తిరిగేసరికి ఎదురింటి కోడలు గుమ్మంలోంచి కేకేసింది. "అత్తయ్యా, మా పెద్దదాన్ని రేపు పంపుతున్నా, సరేనా?"

అత్తయ్య నడక ఆపకుండానే జవాబిచ్చింది. "పంపు. నువ్వూ వెళ్లి పక్కన కూర్చో. అందరూ నవ్వేటప్పుడు నీ కూతురు నవ్వుతోందో లేదో చూసుకో!"

ఆ మాటకు కూతురు తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని, తనే ముందు నడిచి ట్యూషన్ సందులోకి దారి చూపించింది.