ఆషాఢంలో వేసిన కేసు

"ఆషాఢంలో కోర్టు మెట్లెక్కితే ఏ కేసన్నా నెగ్గిద్దా వదినా? శ్రావణం రానీ, మంచిరోజు చూసుకొని వేసుకుందాం," అంది నాంచారమ్మ.

"శ్రావణం వచ్చేసరికి గడువు పోయిద్ది. ఆటో బోల్తా పడ్డప్పుడు నీ కోడలి చెయ్యి వర్జ్యం చూసుకొని విరిగిందా?" అన్నాను నేను.

"మా తమ్ముణ్ణి లారీ గుద్దితే మూడేళ్ళకి వేశాడు కేసు. వాడికి రాలా డబ్బు?"

"అప్పటి చట్టం వేరు, ఇప్పటి చట్టం వేరు."

"మూడో తరగతి చదివి చట్టాలు చెబుతున్నావా నాకు?"

"నేను చెప్పట్లా, లాయరమ్మ చెప్పింది. నేను మోసుకొచ్చానంతే."

ఇది రెండు మూడేళ్ళ కిందటి ఆదివారం సాయంత్రం, నాంచారమ్మ వాకిట్లో జరిగిన మాట. అప్పటికి నేను పెదకాకాని పక్క పల్లెలో మిరపకోత ముఠాకు మేస్త్రిని. మేస్త్రి అంటే ఆడకూలీలను పోగుచేసి, రైతుతో రేటు మాట్లాడి, ఆటో కుదిర్చి, సాయంత్రం కాటా దగ్గర నిలబడే మనిషి. కోతలో నా కేక వినపడితే కబుర్లు ఆగేవి. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక మానేశాను గానీ, గొంతు అలాగే ఉంది.

ఆ ఏడు జనవరి ఆఖరున, మొదటి కోతకు వెళ్తుండగా మా ముఠాను తోలే శ్రీను ఆటో కాలవ మలుపులో బోల్తా పడింది. మిగతా అందరం దులుపుకొని లేచాం. నాంచారమ్మ కోడలు సుజాత కుడిచెయ్యి మణికట్టు దగ్గర నుజ్జయింది. ఆసుపత్రిలో రాడ్డు వేశారు. పోలీసులు వచ్చి శ్రీను మీద కేసు రాశారు. ఇక డబ్బు అదే వస్తుందని ఊరంతా అనుకుంది. ఈలోగా కోతలు, కల్లాలు, మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే బస్తాలు, తోలడం. పంట ఇంటికొచ్చేదాకా మా వైపు పెళ్ళి మాటలే ఎత్తరు, ఇక కోర్టు మాట ఎవరెత్తుతారు?

జూలై వచ్చినా సుజాత చెయ్యి సరిగా ఆడలేదు. ఆ ఆదివారానికి ముందు శుక్రవారం ఆసుపత్రిలో చూపించుకోవడానికి తనతోపాటు నేనూ గుంటూరు వెళ్ళాను. ఎటూ బస్సు ఛార్జీ పెట్టాం, ఆ ఖర్చులోనే రెండో పని కూడా చక్కబెడదామని కోర్టు ఆవరణలోని ఉచిత న్యాయ సహాయ కేంద్రానికి తీసుకెళ్ళాను. ఆడవాళ్ళకు అక్కడ లాయరును ఉచితంగా ఇస్తారు. ఆ మాట రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాకే కుర్చీలో కూర్చున్నాను.

లాయరమ్మ మాకు విడమరిచి చెప్పింది. పోలీసు కేసు బండి నడిపినవాడి తప్పు తేల్చడానికి. నష్టపరిహారానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేరే అర్జీ పెట్టాలి. పోలీసుల నివేదిక కూడా ట్రిబ్యునల్‌కు వెళ్తుంది గానీ, దాన్నే నమ్ముకొని కూర్చోకూడదట. ఒకప్పుడు ఈ అర్జీకి గడువు లేదు. చట్టం మారాక ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలి. ఆలస్యమైతే దారే ఉండదని అనలేం గానీ, అప్పుడు ముందు ఆలస్యం మీద పోట్లాడాలి, చెయ్యి సంగతి ఆ తరువాత. మాకు వారం కూడా మిగల్లేదు. ఉన్న కాగితాలు తీసుకొని, సోమవారం సంతకానికి రమ్మంది. ఆ సంతకమే వద్దని నాంచారమ్మ అడ్డం పడింది.

మా కేకలకు శ్రీను కూడా వచ్చాడు. వాడి బాధ వాడిది. కేసు వేస్తే ఆటో అమ్ముకోవాలేమోనని ఆరు నెలలుగా మా వీధి తప్పించి తిరుగుతున్నాడు. "పెదకాకాని గుళ్ళో పూజ చేయించిన బండి పెద్దమ్మా, బోల్తా పడిద్దని నేనేమన్నా అనుకున్నానా?" అన్నాడు.

పూజతోపాటు బీమా కూడా కట్టావా అని అడిగాను. కట్టానన్నాడు. లైసెన్సు ఉందా అంటే ఉందన్నాడు. అయితే ఇవ్వాల్సింది బీమా కంపెనీ, బండిలో మందిని ఎక్కువ ఎక్కించావని వాళ్ళు పేచీ పెడితే ఆ వాదన లాయరమ్మ చూసుకుంటుంది, నువ్వు కాగితాలు తీసుకొని పొద్దున్నే రా అన్నాను. వాడి మొహం విచ్చుకుంది. వాడికి ఆషాఢం అడ్డం రాలేదు.

నాంచారమ్మ మాత్రం మెట్టు దిగలేదు. అప్పటిదాకా గుమ్మంలో కూర్చున్న సుజాత కుడిచెయ్యి ముందుకు చాపింది. ముందురోజు అత్తగారే రుబ్బి పెట్టిన గోరింటాకు ఎడమ అరచేతిలో చందమామలా పండింది. కుడిచేతికి వేళ్ళ కొసలే ఎరుపు. అరచెయ్యి తెరుచుకోక అక్కడ పెట్టలేకపోయింది.

"కాయ తుంచడానికి రెండువేళ్ళు కలవట్లా అత్తా. పై ఏడు నన్ను కోతకెవరు పిలుస్తారు?" అంది.

నాంచారమ్మ ఆ చేతివైపు కాసేపు చూసింది. లోపలికి వెళ్ళి క్యాలెండరు తెచ్చి నా ముందు పెట్టింది. "సోమవారం ఏడున్నరకి రాహుకాలం. ఆలోపే గడప దాటాలి. అది కూడా కాదంటే నేనొప్పుకోను," అంది. కోర్టు పదిన్నర దాకా తెరవరని నాకు తెలుసు. చెప్పలేదు. ఒప్పుకున్న మనిషితో మళ్ళీ వాదన పెట్టుకోవడం నా పద్ధతి కాదు.

ఆ తరువాత నేను మానేసేదాకా ముఠాలో ఎవరికి దెబ్బ తగిలినా, ఆసుపత్రిలో చేర్చిన మర్నాడే గడువు ఎప్పటిదాకా అని లాయరును అడగడం నియమంగా పెట్టుకున్నాను. ఆగే పనికైతే పంచాంగం చూసుకోవచ్చు. గడువుకు పంచాంగం లేదు.

ఆ సోమవారం పొద్దున ఏడు కాకముందే నాంచారమ్మ నీళ్ళబిందెతో కోడలికి ఎదురొచ్చి, బిందె అరుగు మీద పెట్టి, తానూ ఆటో ఎక్కింది. శ్రీను ఈసారి మా ముగ్గురికి మించి ఎక్కించుకోలేదు. కోర్టు తాళం తీసేదాకా మెట్ల మీద కూర్చొని, నేను కట్టుకెళ్ళిన పులిహోర తిన్నాం. హోటలుకు వెళ్దామన్న శ్రీనును కసిరాను. లాయరమ్మ వచ్చాక, కలం పట్టలేని సుజాత గోరింటాకు పండిన ఎడమ బొటనవేలితో అర్జీ మీద ముద్ర వేసింది. మధ్యాహ్నం లోపు అర్జీ దాఖలైంది.