సార్ నొక్కని ప్రకటన

మొన్న పొద్దున మా పక్కింటి సార్ పోయారు. "సార్ లేస్తలేడు, జర రావయ్యా" అని వాళ్లావిడ గోడ అవతలి నుంచి పిలిచింది. అప్పటినుంచి నేను కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఇది కూడా నిలబడే రాస్తున్నాను.

ఆయన యూనివర్సిటీలో కామర్స్ చెప్పి రిటైరయ్యారు. నాది తార్నాకలో థీసిస్‌లు బైండింగ్ చేసే దుకాణం. యూనివర్సిటీ పిల్లలు ఫోన్లో వెతుక్కుని వేరే చోటికి పోతుంటే షట్టర్ దించేద్దామనుకున్నాను. సార్ వద్దని, ప్రకటన పెట్టించారు. మీరు ఫోన్లో ఏదైనా వెతికితే అన్నిటికంటే పైన కనబడుతుందే, అది.

"చూస్తే పైసా లేదు. నొక్కితేనే కడ్తవ్," అన్నారు.

మర్నాడు నా దుకాణం పేరు మొట్టమొదట కనబడింది. సంబరంగా నొక్కాను. మా ఆవిడ నొక్కింది. లాలాపేటలో బావమరిది ఇంటిల్లిపాదీ నొక్కారు. మధ్యాహ్నానికి ఆ రోజుకని పెట్టిన డబ్బు అయిపోయి ప్రకటన మాయమైంది.

"నీ పెండ్లికి నువ్వే కట్నాలు సదివించుకున్నవా?" అన్నారు సార్, నవ్వకుండా.

తర్వాత కూర్చోబెట్టి చెప్పారు. జనం వెతికే ప్రతి మాటకూ వేలం ఉంటుందట. ఎక్కువ పాడినంత మాత్రాన పైన నిలబడరు, నొక్కినవాడికి లోపల కావలసింది దొరకాలి. నేను ఉత్త 'బైండింగ్' అని పెడితే, పని నేర్చుకుంటామనేవాళ్లూ మిషన్ కొంటామనేవాళ్లూ నొక్కిపోయారు.

"ఎవరు రావాల్నో చెప్పినవ్. ఎవరు రావద్దో గూడ చెప్పాలె గద!"

'కోర్సు', 'మిషన్' అని వెతికేవాళ్లకు ప్రకటన కనబడొద్దన్నాం. సీతాఫల్‌మండి దాకా కనబడితే చాలన్నాం. థీసిస్‌లు ఇచ్చే రోజులొచ్చేసరికి దుకాణంలో నిలబడడానికి చోటు లేదు.

అప్పటినుంచి సార్ రోజూ క్యాంపస్‌లో నడుస్తూ నా ప్రకటన వెతికేవారు. నొక్కేవారు కాదు. ఫోన్ చేసి చెప్పొచ్చు, చెయ్యరు. తార్నాక దాకా నడిచొచ్చి, "పైన్నే ఉన్నవ్ పో" అని, చాయ్ వచ్చేలోపే వెళ్లిపోయేవారు.

మొన్న సార్ వాళ్ల వాకిట్లో అందరి మధ్య కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది, దుకాణం మూసుంది, ప్రకటన నడుస్తోంది. ఎవరో నొక్కుతారు, అంత దూరం వచ్చి తాళం చూస్తారు. ఫోన్ తీశాను.

"గిప్పుడేం పనయ్యా ఫోన్ల?" అంది సార్ వాళ్లావిడ.

"సార్ చెప్పిన పనే అమ్మా. షట్టర్ దించితే యాడ్ గూడ బంద్ వెట్టుమన్నరు."

"ఆయనకు ఎప్పుడు నీ దుకాణం రందే," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇవాళ షట్టర్ ఎత్తాను. ప్రకటన మళ్లీ పెట్టాను. నేనే వెతికి చూసుకుంటే, పైనే ఉన్నాను. నొక్కకుండా ఫోన్ అలాగే పట్టుకుని, మెట్టు దిగి, క్యాంపస్ నుంచి వచ్చే రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను.