గచ్చు తడవని వాన

మా బాబాయి మస్కట్ నుంచి సెలవుకి వస్తూ కలర్ టీవీ, వీసీఆర్ తెచ్చిన ఏడాది నేను అమలాపురంలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. శనివారం క్లాసులు అయిపోగానే ఇంటికి, కొత్తపేట బస్సెక్కేసేదాన్ని.

దెయ్యాల సినిమాలంటే నాకు పిచ్చి. అలాగని భయపడింది మాత్రం లేదు. మన సినిమాల్లో దెయ్యం వచ్చే ముందు హాలంతటికీ తెలిసిపోయేది. కిటికీ రెక్కలు కొట్టుకునేవి, కుక్క ఏడ్చేది, గజ్జెలు మోగేవి, వెనకే తెల్లచీర. ఇంగ్లీషు సినిమాలైతే కెవ్వుమని కేకలూ, నెత్తురూ. నేనూ నా స్నేహితురాళ్లూ ముందే "అదిగో వచ్చేస్తోంది" అని పందెం వేసుకుని నవ్వుకునేవాళ్లం.

ఓ ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలు చేశాక, బాబాయి అట్టపెట్టెలోంచి ఒక క్యాసెట్ తీశాడు. దాని మీద అక్షరాలు ఇంగ్లీషూ కాదు, అరబ్బీ కాదు.

"నా రూమ్మేటు ఇచ్చేడే. జపానుదంట. దెయ్యాల సినిమా అన్నాడు."

మామ్మ వెంటనే లేచింది. "నాకొద్దురా బాబూ, నేను వసారాలో కూచుంటాను." కానీ గుమ్మం దగ్గర ఆగిపోయింది. టీవీలో ఒకామె బియ్యం కడుగుతోంది. "ఇందులో దెయ్యమేంటిరా?" అంటూ అక్కడే చతికిలబడింది.

మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. సంగీతం కూడా లేదు. బయట వాన. ఆమె వానలోంచే లోపలికొచ్చింది, పొయ్యి వెలిగించింది, చిన్నపిల్లకి అన్నం పెట్టింది. ఆ పిల్ల తండ్రి మూల కూర్చుని ఆమెనే చూస్తున్నాడు.

"ఒసే," అంది మామ్మ ఉన్నట్టుండి. "అంత వానలోంచి వచ్చింది కదా, గచ్చు తడవలేదేంటే?"

బాబాయి చటుక్కున క్యాసెట్ వెనక్కి తిప్పాడు. మళ్లీ చూశాం. నిజమే. తలుపు తీసింది, నడిచింది, నేల మీద ఒక్క చుక్క లేదు. మిట్టమధ్యాహ్నం, చుట్టూ ఇంట్లోవాళ్లు, అయినా నా ఒళ్లంతా జలదరించింది. సంతోషంతో చప్పట్లు కొట్టేశాను కూడా. ఎవరూ అరవకుండా ఇంత భయపెట్టొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

చివర్లో ఆమె వెళ్లిపోతుంటే భర్త గుమ్మంలో నిలబడి ఏదో చాలాసేపు చెప్పాడు. ఏం చెప్పాడన్న దాని మీద మాకు పెద్ద వాదన.

"ఇంక రావద్దంటున్నాడు," అన్నాడు బాబాయి.

"కాదు, ఉండిపొమ్మంటున్నాడు," అన్నాను.

మామ్మ తల అడ్డంగా ఊపింది. "మీకేం తెలీదు. వానగా ఉంది, గొడుగు పట్టుకెళ్లమంటున్నాడు."

ఆ సాయంత్రంలోగా సినిమా ఇంకో రెండుసార్లు వేసుకున్నాం. వేసిన ప్రతిసారీ ఆ పెదవుల మీద గొడుగు మాటే కనిపించింది నాకు.

సెలవైపోయి బాబాయి వెళ్లాక ఉత్తరం రాశాను: "ఏ దేశానిదైనా ఫర్వాలేదు బాబాయ్, దెయ్యం ఉండాలి, భాష మాత్రం మనకి తెలియకూడదు." అక్కడి క్యాసెట్ల షాపువాడికి ఆ మాట చెబితే పడీపడీ నవ్వాడని జవాబు రాశాడు. జొన్నాడ ఆయనెవరో ఊరికొస్తుంటే ఆయన చేతికి రెండు క్యాసెట్లు ఇచ్చి పంపాడు.

తెచ్చుకోవడానికి జొన్నాడ నేనే వెళ్లాను. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఇంటికెళ్లే దాకా ఆగలేక పైన చుట్టిన కాగితం చింపేశాను. ఒకదాని మీద మంచులో ఒంటరి ఇల్లు. రెండోదాని మీద ఖాళీ ఉయ్యాల. అక్షరాలు ఎటునుంచి చదవాలో కూడా తెలియలేదు. పక్కనున్నావిడ తొంగి చూసి, "ఏం సినిమా అండీ?" అని అడిగింది.

"నాకూ తెలీదండీ," అన్నాను, నవ్వు ఆపుకోలేక.