ఊరికే వచ్చానండి

నా చిన్నప్పుడు నిడదవోలులో మా తాతయ్య రోడ్డు మీదకి వస్తే మనుషులే కాదు, కుక్కలు కూడా పక్కకి తప్పుకునేవి. సరదాకి అంటున్న మాట కాదు. ఆయన రైల్వేలో ముప్పై ఏళ్ళు టికెట్ కలెక్టరుగా చేశారు, అందులో ఎక్కువ కాలం మా ఊరి స్టేషను గేటు దగ్గరే నిలబడ్డారు. ఊళ్ళో ఆయన చేత చీవాట్లు తినని కుటుంబం లేదు. సొంత బావమరిదిని కూడా టికెట్టు లేదని గేటు దగ్గర ఆపి, జరిమానా కట్టించి, ఆ తరవాత ఇంటికి తీసుకొచ్చి భోజనం పెట్టారు. ఆ బావమరిది భోజనం చేసి, చేయి కడుక్కుని వెళ్ళి, మళ్ళీ మా గడప తొక్కలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నేనూ రిటైరై రెండేళ్ళు దాటింది. అప్పట్నుంచీ ప్రతివాళ్ళూ నాకు పాఠాలు చెప్పేవాళ్ళే. పొద్దున్న లేచేసరికి ఫోన్లో ఒక గులాబీ పువ్వు, దాని కింద పది మంచి అలవాట్లు. నడవండి, నీళ్ళు తాగండి, ప్రాణాయామం చెయ్యండి, రోజూ నవ్వండి. నవ్వాలట! నవ్వొచ్చేది ఒక్కటి పంపిన పాపాన పోరు. నాకు తెలిసిన అలవాటు ఒక్కటే. అదీ ఒకరి మొహం చూస్తే ఒకరికి ఒళ్ళు మండే ఇద్దరు పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్నాను.

మా నాన్నది బదిలీల ఉద్యోగం కావడంతో నేను అమ్మమ్మ, తాతయ్యల దగ్గర ఉండి చదువుకునేదాన్ని. నాకు పదేళ్ళప్పుడు తాతయ్య రిటైరయ్యారు. దండలు వేశారు, ఒక గొడుగు ఇచ్చారు, పంపించేశారు. మర్నాటి నుంచీ స్టేషను మా ఇంట్లోకి వచ్చి పడింది. వంటగది తలుపు మీద సుద్దముక్కతో టైముల పట్టీ రాశారు. కాఫీ ఆరూ పదికి, టిఫిను ఏడున్నరకి, పప్పు ఉడకడం పదింటికి. కాస్త ఆలస్యమైతే పక్కనే ఎర్ర పెన్సిలుతో ‘లేటు’ అని రాసేవారు. అమ్మమ్మ పప్పు మెదుపుతుంటే గుమ్మంలో నిలబడి ఎన్నిసార్లు మెదిపిందో లెక్కపెట్టేవారు. ఆవిడ గరిటె చప్పుడు మాత్రం రోజురోజుకీ పెరిగింది.

కార్తీక మాసంలో ఒకరోజు అమ్మమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళతో కలిసి పేరంటం నుంచి తిరిగొచ్చింది. చెప్పిన టైముకి అరగంట ఆలస్యమైంది. తాతయ్య మా ఇంటి గేటుకి అడ్డంగా నిలబడి ఉన్నారు. ఆవిడ దగ్గరికి రాగానే కుడి చెయ్యి చాపి, “ఏదీ?” అన్నారు. ముప్పై ఏళ్ళ అలవాటు. అనుకుని అనలేదు, నోటికి వచ్చేసింది. ఆ నలుగురూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అమ్మమ్మ నవ్వలేదు. పేరంటంలో ఇచ్చిన తాంబూలం, నానబెట్టిన శనగలు, అరటిపళ్ళు అన్నీ ఆ చాపిన చేతిలో పెట్టి, లోపలికెళ్ళి పెట్టె సర్దుకుంది.

“ఈయనతో కాపరానికొచ్చాను గానీ, ప్రయాణానికి రాలేదు” అని నాతో చెప్పి, పెద్దాపురంలో ఉన్న వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళిపోయింది. టికెట్టు కొనుక్కునే వెళ్ళిందిలెండి.

నాలుగు రోజులకి నా పేర కార్డు వచ్చింది. ‘మీ తాతయ్య రోజుకి రెండు గంటలు గడప దాటి, ఎవరింట్లోనైనా గొడవ పడకుండా కూర్చోగలిగిన రోజున వస్తాను. అంతవరకు రాను. నువ్వే సాక్షి. ఉన్నది ఉన్నట్టు రాయి.’ తాతయ్య దాన్ని రెండుసార్లు చదివి, “ఇదేం లెక్క!” అన్నారు. ఆయన వండిన అన్నం గంజిలా ఉండేది, ఆవకాయ కలుపుకుని మింగేదాన్ని. జడ వేసేవాళ్ళు లేక ఒంటి జడతో, అదీ వంకరగా వేసుకుని బడికి పోయేదాన్ని. నాకు అమ్మమ్మ కావాలి. ఎంతలా కావాలంటే, తాతయ్య మీద కోపం రావాల్సింది పోయి, ఏడుపు వచ్చేది.

ఆయన ముందు స్టేషనుకే వెళ్ళారు, నన్ను వెంటబెట్టుకుని. గేటు దగ్గర కొత్తగా వచ్చిన టికెట్ కలెక్టరు ఉన్నాడు. నవ్వుతూనే నమస్కారం పెట్టి, “ప్లాట్‌ఫాం టికెట్టు తీసుకోండి మేస్టారూ, రూలు కదండీ” అన్నాడు. తాతయ్య మొహం మాడిపోయింది. తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఆ కుర్రాడికి ఆ రూలు నేర్పింది తనే. టికెట్టు కొని, లోపలికి వెళ్ళకుండా, జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశారు. మళ్ళీ అటు వెళ్ళలేదు. మిగతా ఊళ్ళో ఏ గుమ్మానికి వెళ్ళినా, ఆయన గేటు దగ్గర ఆపిన మనుషులే ఉన్నారు.

మా పక్కింట్లో టీచరమ్మగారు ఉండేవారు. మిషను స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. ఒంటరి మనిషి, ఆదివారం చర్చికి తప్ప ఎక్కడికీ వెళ్ళేవారు కాదు. తాతయ్యంటే ఆవిడకి అస్సలు పడదు. ఎప్పుడో ఆవిడ బడిపిల్లల్ని రాజమండ్రి తీసుకెళ్ళి తిరిగొస్తుంటే, ఒక పిల్లకి అర టికెట్టు లేదని అందర్నీ గేటు దగ్గర గంటసేపు నిలబెట్టారట. అప్పట్నుంచీ మాటల్లేవు. నేను పెరట్లో కూర్చుని ఏడుస్తుంటే గోడ మీంచి చూశారు. విషయమంతా చెప్పాను.

“మీ తాతయ్య ఏమైపోయినా నాకనవసరం. మీ అమ్మమ్మ మంచి మనిషి. రేపు నాలుగింటికి ఆయన్ని తీసుకురా” అన్నారు.

తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. టీచరమ్మగారు పేము కుర్చీ చూపించి, కాఫీ ఇవ్వకముందే షరతు చెప్పారు. “మీరంటే నాకిష్టం లేదండి. ఈ పిల్ల కోసం కూర్చోనిస్తున్నాను. మా ఇంట్లో ఏ తప్పు పట్టినా సరే, ఆ నిమిషమే లేచి వెళ్ళిపోవాలి.” తాతయ్య తలూపి కూర్చున్నారు. ఎదురుగా గోడ గడియారం ఉంది. అటు చూడకుండా ఉందామని ఆయన శతవిధాల ప్రయత్నించారు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు గుటకలు మింగారు. చివరికి, “మీ గడియారం పది నిమిషాలు వెనకుందండి” అనేశారు. ఆవిడ లేచి తలుపు చూపించారు. ‘ఈరోజు మూడు నిమిషాలు’ అని నేను పెద్దాపురం కార్డు రాశాను.

మర్నాడు చింపకుండా వదిలేసిన క్యాలెండరు కాయితం. ఆ మర్నాడు కుంటుతున్న బల్లకోడు. వారం తిరిగినా పది నిమిషాలు దాటలేదు. ఇంటికొచ్చి, “ఆవిడకి పొగరు” అని ఆయన తిట్టేవారు. గోడకి అవతల, “ఆ మనిషి మారడు” అని ఆవిడ తిట్టేవారు. మధ్యలో నేను.

ఎనిమిదో రోజున టీచరమ్మగారు ఆయన ముందు చిక్కుడుకాయల పళ్ళెం పెట్టారు. “ఈనెలు తియ్యండి” అన్నారు. తాతయ్య పుట్టాక చిక్కుడుకాయ ముట్టుకుని ఎరగరు. కాసేపు తిప్పి తిప్పి చూసి, “ఇందులో పుచ్చు ఎలా కనిపెడతారండీ?” అని అడిగారు. ఆయన జవాబు తెలియక ప్రశ్న అడగడం నేను వినడం అదే మొదటిసారి. అంతకుముందు అడిగినవన్నీ ఎదుటివాడు దొరికిపోవడానికే. ఆవిడ వెలుతురుకి ఎత్తి చూపించారు. ఆ రోజు నలభై నిమిషాలు.

ఇంకో వారానికి, ఈనెలు తీస్తూ తీస్తూ ఆవిడే పాత గొడవ ఎత్తారు. “ఆ రోజు నా పిల్లల్ని ఎండలో నిలబెట్టారు గుర్తుందా అండీ?”

“రూలు అంతేనండి.”

“రూలు నాకూ తెలుసు. ఆ పిల్ల భయపడి ఏడుస్తుంటే మీరు నవ్వారు. అది ఏ రూలండీ?”

ఇప్పుడు లేచిపోతారు, అయిపోయింది, ఇక అమ్మమ్మ రాదు అనుకున్నాను. తాతయ్య లేవలేదు. చేతిలో ఉన్న కాయకి ఈనె తీసి పళ్ళెంలో వేసి, “నవ్వానండి. తప్పే” అన్నారు. ఆవిడ ఇంకో పిడికెడు కాయలు ఆయన పళ్ళెంలో పోశారు. ఆ సాయంత్రం మేము ఇంటికొచ్చేసరికి రెండు గంటలు దాటింది. నేను రాసిన కార్డులన్నిట్లోకీ పెద్ద అక్షరాలు ఆ కార్డులోవే.

అమ్మమ్మ వచ్చింది. తాతయ్య చేతులు రెండూ వెనక్కి కట్టుకుని గేటు పక్కగా, దారిచ్చి నిలబడ్డారు. ఆవిడ నా జడ చూసి మొదట నన్ను, తరవాత ఆయన్ని తిట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

కథ ఇక్కడితో అయిపోతే నేను మీకు చెప్పేదాన్నే కాదు. మర్నాడు నాలుగింటికి తాతయ్య అరటిపళ్ళు పట్టుకుని పక్కింటికి వెళ్ళారు. “మీ దయవల్ల మా ఆవిడ వచ్చిందండి. రేపట్నుంచి మీకు శ్రమ ఇవ్వను” అన్నారు. ఎంతో మర్యాదగా అన్నాననుకున్నారు పాపం.

టీచరమ్మగారి మొహం చూడాలి. నేనెప్పుడూ ఆవిడకి అంత కోపం రావడం చూడలేదు. “అంటే ఇన్నాళ్ళూ పని మీద వచ్చారన్నమాట. పనైపోయిందిగా, దయచేయండి” అని, పళ్ళు తీసుకోకుండానే తలుపు వేసేశారు.

తాతయ్య బిత్తరపోయారు. ఇంటికొచ్చి, “నేనేమన్నానని?” అని పదిసార్లు అడిగారు. అమ్మమ్మే చెప్పింది. “ఆవిడకి మాత్రం ఎవరున్నారండీ? మొన్నమొన్నటిదాకా బడినిండా పిల్లలు. ఇప్పుడు తలుపు కొట్టేదెవరు, సర్టిఫికెట్టు మీద సంతకం కావాలని వచ్చేవాళ్ళు తప్ప? మీకు ఉపకారం చేస్తున్నానని ఆవిడ అనుకోలేదు, ఈమధ్య మీ అంతట మీకే రావాలనిపించి వస్తున్నారనుకుంది.” తాతయ్య ఆ సాయంత్రమంతా అరుగు మీద కూర్చుని ఆ మూసిన తలుపు వైపే చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు నాలుగింటికి ఆయన లేచారు. ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు, పళ్ళు పట్టుకోలేదు. నేను వెనకాలే వెళ్ళాను. తలుపు కొట్టారు. లోపల్నుంచి, “ఎవరూ? ఏంటండీ పని?” అన్న గొంతు వినబడింది. ఏదో ఒక వంక దొరక్కపోతుందా అని తాతయ్య కళ్ళు గుమ్మమంతా వెతికాయి. గొళ్ళెం వదులుగా ఉంది. ఆ సంగతి చెప్తారేమోనని నాకు భయమేసింది.

“ఊరికేనండి” అన్నారు, నాకే సరిగా వినబడనంత మెల్లగా.

“వినబడలేదు.”

“పనేం లేదండి. ఊరికే వచ్చాను.”

తలుపు తెరుచుకుంది. “చిక్కుడుకాయలు లేవివాళ” అన్నారావిడ, కసురుకుంటున్నట్టుగా. తాతయ్య పర్లేదని లోపలికెళ్ళి కూర్చున్నారు. ఆ తరవాత పదకొండేళ్ళు, ఆవిడ పోయేదాకా, రోజూ నాలుగింటికి వెళ్ళారు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం కలిగిందని చెప్తే అబద్ధమాడినట్టే. ఎన్నికల మీద దెబ్బలాడుకునేవారు, బెండకాయ వేపుడు మీద దెబ్బలాడుకునేవారు, మర్నాడు మళ్ళీ దెబ్బలాడుకోవడానికి ఆయన వెళ్ళేవారు. ఆవిడ పోయాక నాలుగు రోజులు ఇంట్లోనే కూర్చుని, అయిదో రోజున ఇంకొకరి తలుపు తట్టారు.

నాకు తాతయ్య నోరే వచ్చిందని మా ఇంట్లో అంటారు. నిజమే. రాజమండ్రిలో ఆఫీసు సూపరింటెండెంటుగా చేసినన్నాళ్ళూ నా బల్ల దగ్గరికి పని లేకుండా వచ్చినవాణ్ణి కూర్చోమనలేదు. రిటైరయ్యాక ఆర్నెల్లు నా కాలింగ్ బెల్లు మోగలేదు. నేను మాత్రం ఒకళ్ళ దగ్గరికి ఎందుకు వెళ్ళాలని బిగదీసుకుని కూర్చున్నాను. ఒకరోజు తాతయ్య గుటకలు మింగడం గుర్తొచ్చి, సిగ్గేసి, కింది ఫ్లాటుకి దిగాను. ఆ ఇంటావిడకీ నాకూ నీళ్ళ మోటారు దగ్గర పెద్ద గొడవ. తలుపు సగమే తీసి, “ఏంటండీ, మళ్ళీ మోటారు గురించేనా?” అంది. మోటారు గురించే అని చెప్పేస్తే ఎంత హాయిగా ఉండేదో! చేతిలో ఏమీ లేకుండా, వంకేమీ లేకుండా, నిన్ను చూడటానికే వచ్చానని ఇంకో మనిషితో అనడం అంత కష్టమని అప్పటిదాకా నాకు తెలీదు. అన్నాను, ఎలాగో.

రెండేళ్ళవుతోంది. నేనంటే ఆవిడకి ఇప్పటికీ పడదు. ఆవిడ పెట్టే కాఫీ నాకు సహించదు, ఆ మాట మొహం మీదే చెప్తాను. కానీ నాలుగు దాటి అయిదు నిమిషాలైందో లేదో, మెట్ల దగ్గరకొచ్చి, “ఏంటండీ, ఇవాళ రారా?” అని అపార్ట్‌మెంటు దద్దరిల్లేలా అరుస్తుంది.