గాస్పారే ఒప్పుకోని కాలువ

రోము దగ్గరి ప్రాచీన రేవుపట్నం ఓస్తియా శిథిలాలకు వచ్చేవాళ్లందరూ తలెత్తి చూస్తారు. గాస్పారే ఒక్కడే వంగి చూస్తాడు. రోములో నలభై ఏళ్లు ప్లంబర్‌గా చేసి రిటైరైన మనిషి. టికెట్ అక్కర్లేని మొదటి ఆదివారం నాడు, చొక్కా జేబులో మడత కొలబద్దతో, భార్య నోర్మాను వెంటేసుకుని నెలనెలా వస్తాడు. ప్రాచీన వైభవం అనే మాట వింటే ఆయనకు ఆవలింత వస్తుంది. సరాసరి పాత రొట్టెల బట్టీ ముందున్న కాలువ దగ్గరికి వెళ్లి, ఒక కన్ను మూసి చూసి, పెదవి విరుస్తాడు. "వాలు చాల్లేదు. నీళ్లు చచ్చినా పోవు. ఎవడో పనిదొంగ కట్టాడు." "వాడు పోయి రెండు వేల ఏళ్లయిందయ్యా, ఇంకా వదలవా?" అంటుంది నోర్మా, సంచిలోంచి రొట్టె తీస్తూ.

మొన్న నవంబరులో వాన వెలిసేసరికి ఆ కాలువ మీద చీలమండ లోతు నీళ్లు నిలిచాయి. గాస్పారే మొహం వెలిగిపోయింది. దారినపోయే వాళ్లనందర్నీ ఆపి, "చూశారా? నా నలభై ఏళ్ల పనిమీద ఒట్టు, నేనప్పుడే చెప్పాను!" అన్నాడు. కాపలాదారు ఎజీదియో చీపురుతో వచ్చాడు. "జరుగు మేస్త్రీ, నీ ఉపన్యాసం తడిసిపోతుంది," అంటూ కాలువ నోట్లోంచి గంపెడు పైన్ ఆకులు లాగిపారేశాడు. నీళ్లు గుడగుడమంటూ క్షణంలో దిగిపోయాయి. నోర్మా నమలడం ఆపి మొగుడి వైపు చూసింది. "ఇప్పుడేమంటావు?" గాస్పారే టోపీ తీసి, నెత్తి గోక్కుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"పోయాయిలే. కానీ ఆ చప్పుడేమిటి? మంచి పనివాడి కాలువ చప్పుడు చెయ్యదు."