ఆయుధపూజ నాడు విప్పిన కంప్యూటర్

దయ్యాలనూ శకునాలనూ నేను ఏనాడూ నమ్మలేదు. బడిలో భౌతికశాస్త్రం బోధించినవాణ్ణి. అందువల్ల ఈ సంగతిని వాంగ్మూలం ఇచ్చినట్టు, జరిగిన క్రమంలోనే రాస్తున్నాను.

తొంభైల మధ్యకాలంలో మేము మద్రాసులో, పురసవాక్కంలో ఉండేవాళ్లం. నా దగ్గర కుట్టుమిషనంత బరువైన పాత పోర్టబుల్ కంప్యూటర్ ఒకటి ఉండేది. అక్కడి తెలుగు ఇళ్లలో మాత్రమే వినిపించే మాటలను నాలుగేళ్లపాటు సేకరించి, ఇంగ్లీషు అక్షరాల్లో అందులోకి ఎక్కించాను. ఆ మాటలు చెప్పిన ముసలివారిలో చాలామంది అప్పటికే గతించారు. ఫ్లాపీ డ్రైవ్ పాడైనందున ఆ మాటల పట్టికకు మరో ప్రతి లేదు. హార్డ్ డిస్క్ కూడా నిండిపోయింది. లోపల పెద్ద డిస్క్ ఒకటి అదనంగా బిగించి, పట్టికను అందులోకి మార్చాలని నిశ్చయించాను.

బడికి సెలవు దొరికింది ఆయుధపూజ నాడు. పొద్దున్నే నా భార్య రాజమ్మ కత్తిపీటకు, సైకిలుకు, మిక్సీకి, చివరికి కంప్యూటర్ మూతకు కూడా గంధం, కుంకుమ పెట్టింది. పది గంటలకు నేను స్క్రూడ్రైవర్ తీశాను.

“ఏమండీ, ఈపొద్దు దానికి రెస్టు. ముట్టుకోకూడదు గదా!”

“యంత్రానికి విశ్రాంతి ఏమిటి?”

“సెలవు సెలవని మీరు మాత్రం కేలండర్ తిప్పతా ఉంటారే! దానికొద్దా? ఆడ పెట్టండి చెప్తాను.”

నేను వినలేదు.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. కంప్యూటర్ కొన్ననాడే లోపల శుభ్రంగా తుడిచి, మూత బిగించి, ప్రశ్నపత్రాల కట్టకు వేసినట్టు నాలుగు మరల మీదా లక్క వేసి నా ముద్ర నొక్కాను. ఆ ముద్రలు చెక్కుచెదరలేదు. వాటిని నా చేతులతోనే పగలగొట్టాను.

మూత ఎత్తగానే గంధపు వాసన వచ్చింది. లోపల, కరెంటు సరఫరా చేసే పలకలో ఒక చిన్న భాగం మీద కుంకుమ బొట్టు. తాకితే వేలికి తడి అంటింది. బయట మూత మీది బొట్టు అప్పటికే ఎండిపోయింది.

తడి ఉన్న చోటికి కరెంటు పంపరాదు గనుక పని ఆపాను. రాజమ్మ తొంగిచూసి, నా చేతిలో గుగ్గిళ్ల గిన్నె పెట్టింది.

మర్నాడు ఎలక్ట్రానిక్ సామాన్ల అంగళ్లుండే రిచీ స్ట్రీట్‌లో మునుస్వామి అనే మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లాను. బొట్టు ఉన్న భాగాన్ని అతడు పెకలించి అడుగు చూపించాడు.

“కెపాసిటర్ కారిపోయుండాది సార్. ఇంకో డిస్కు తగిలించి స్విచ్చి వేసుంటే రెండూ పోయుండును. బొట్టు పెట్టింది ఎవరు సార్? మంచి మెకానిక్కు! మా అంగట్లో పనికొస్తారా?”

భాగం మార్చాక పట్టిక చివరి మాట వరకు కొత్త డిస్క్‌లోకి చేరింది.

ఇంటికి వచ్చి రాజమ్మను గట్టిగానే ప్రశ్నించాను. ఆమె పడీపడీ నవ్వింది.

“నాకు దాన్ని విప్పేది తెలిసుంటే, ఎప్పుడో పాతసామాన్లోడికి వేసి రెండు బకెట్లు తీసుకునుందును!”

తేమ అనుకున్నాను, తుప్పు అనుకున్నాను. ఏ కారణమూ నిలవలేదు. ఆ బొట్టు పెట్టిన వేలు, మాటలు చెప్పి వెళ్లిపోయిన ముసలమ్మల్లో ఎవరిదో అనుకోవడానికి నా చదువు ఒప్పుకోదు. మరెవరిదో చెప్పడం నాకు నేటికీ చేతకాలేదు.